హిమాలయాల్లో రైతు ఇంట్లో ఉండి రావాలని ఉంది: ఏ ఊరు, ఏ నెల?

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని, వయసు 51. మావారికి 57. బీపీకి టాబ్లెట్ వేసుకుంటారు, మోకాళ్లు కాస్త ఇబ్బంది పెడతాయి. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఒకసారి ప్యాకేజీ టూర్‌లో సిమ్లా, మనాలి చూశాం. బస్సు దిగడం, ఫోటో తీసుకోవడం, మళ్లీ బస్సెక్కడం, అంతే. ఈసారి హిమాలయాల్లో ఏదైనా రైతుల ఊళ్లో, ఎవరింట్లోనైనా ప్రశాంతంగా ఉండి రావాలని ఉంది. అమ్మాయి యూట్యూబ్‌లో హిమాచల్ ప్రదేశ్ స్పితి లోయలోని లాంగ్జా చూసి అక్కడికే అంటోంది. వేసవి సెలవుల్లో గానీ దసరాకి గానీ తప్ప మాకు కుదరదు, అదీ పది రోజులే. మేం శాకాహారులం. తెలియని వాళ్లింట్లో ఉండటం, బాత్రూములు, భాష తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. పొలం పనుల్లో మేమూ ఓ చెయ్యి వెయ్యొచ్చా?

సమాధానం: టీచర్ గారూ, ముందు లాంగ్జా సంగతి తేల్చేద్దాం. ఊరు అందమైనదే, అమ్మాయి ముచ్చటపడటంలో తప్పు లేదు. కానీ అది సుమారు 4,400 మీటర్ల ఎత్తులో ఉంది. మీరు బయల్దేరేదేమో సముద్రానికి పక్కనే ఉన్న డెల్టా నుంచి. 2,500 మీటర్లు దాటిన దగ్గర్నుంచే కొంతమందికి తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. అందుకే స్పితి వెళ్లేవాళ్లు చాలామంది సిమ్లా, కిన్నౌర్ మీదుగా దారిలో ఆగుతూ, ఒంటికి ఎత్తు అలవాటు చేసుకుంటూ వెళ్తారు. మీకున్న పది రోజుల్లో సగం దానికే సరిపోతుంది. పైగా మీవారికి బీపీ. లాంగ్జాకి అమ్మాయి స్నేహితులతో మరోసారి వెళ్లొస్తుంది లెండి.

నేను చెప్పే ఊరు సర్మోలీ. ఉత్తరాఖండ్‌లో, కుమావూ ప్రాంతంలో, పిథోరాగఢ్ జిల్లా మున్‌సియారీ పట్టణానికి ఆనుకుని ఉంటుంది. ఎత్తు సుమారు 2,200 మీటర్లు. చాలామందికి ఈ ఎత్తుతో ఇబ్బంది ఉండదు. అయినా బయల్దేరే ముందు మీవారిని డాక్టరుకి ఒకసారి చూపించండి. ఊరికి ఎదురుగా, లోయకి అవతలి వైపున పంచచూలి శిఖరాలు ఐదూ వరసగా నిలబడి ఉంటాయి. వాటిలో ఎత్తైనది 6,904 మీటర్లు. స్వర్గారోహణకి వెళ్తూ పాండవులు ఆఖరిసారి వంట చేసుకున్నది అక్కడేనని ఆ ప్రాంతం వాళ్లు చెప్పుకుంటారు. కొండలు తూర్పున ఉండటం వల్ల పొద్దున లేచి సూర్యోదయం కోసం తాపత్రయపడక్కర్లేదు. సాయంత్రం పడమటి ఎండ పడినప్పుడే వాటిని చూడాలి.

సర్మోలీ పేరు చెప్పడానికి కొండలొక్కటే కారణం అయితే ఉత్తరాఖండ్‌లో ఇంకో వంద ఊళ్లు చెప్పొచ్చు. ఇక్కడ హోమ్‌స్టేలు నడిపేది ఆ ఊరి ఆడవాళ్లు. పర్వతారోహకురాలు మల్లికా విర్ది అక్కడే స్థిరపడి, ఊరి వన పంచాయతీకి సర్పంచ్‌గా ఉన్న రోజుల్లో, 2004 ప్రాంతంలో మహిళా సంఘం తరఫున ఇది మొదలైంది. వన పంచాయతీ అంటే ఊరి అడవిని ఊరివాళ్లే ఎన్నుకున్న సంఘం చూసుకునే పద్ధతి. కుమావూలో బ్రిటిష్ ప్రభుత్వం అడవులు లాగేసుకుంటే జనం తిరగబడ్డారు, ఆ తర్వాత 1931లో వచ్చిన ఏర్పాటు ఇది. గడ్డి ఎప్పుడు కొయ్యాలో, ఎండుటాకులు ఎవరు ఎంత ఏరుకోవాలో, ఏ చెట్టు జోలికి పోకూడదో వాళ్లే తేల్చుకుంటారు. మీరు ఇచ్చే హోమ్‌స్టే డబ్బుల్లో కొంత ఆ అడవి బాగోగులకి వెళ్తుంది. కేంద్ర పర్యాటక శాఖ 2023లో సర్మోలీని ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అప్పటినుంచి పేరు పెరిగింది, వచ్చేవాళ్లూ పెరిగారు. గదులు దొరక్కపోతే పక్కనే ఉన్న శంఖ్‌ధురా గురించీ అడగండి. అదీ అదే కొండ మీద ఉంది.

మీరు సోషల్ టీచర్ కాబట్టి ఇంకో మాట. మున్‌సియారీ చుట్టుపక్కల ఉండే శౌకా జనం తరతరాలుగా టిబెట్‌తో వ్యాపారం చేసినవాళ్లు. పైన జోహార్ లోయలోని మిలమ్ నుంచి గొర్రెల మీద, మేకల మీద ధాన్యం వేసుకుని కనుమలు దాటి వెళ్లి ఉప్పు, ఉన్ని తెచ్చేవాళ్లు. 1962 చైనా యుద్ధంతో ఆ దారి మూతపడింది. ఆ మిలమ్ వాడే నైన్ సింగ్ రావత్. బ్రిటిష్ వాళ్ల సర్వే శాఖ కోసం మారువేషంలో టిబెట్ వెళ్లి, 1866లో లాసా చేరి, దారి పొడవునా అడుగులు లెక్కపెట్టుకుంటూ దూరాలు కొలిచిన మనిషి. లెక్క తప్పకుండా ఉండటానికి 108కి బదులు 100 పూసల జపమాల వాడాడు. మున్‌సియారీ దగ్గర నానాసేమ్‌లో ఒక స్థానిక పండితుడు తన ఇంట్లోనే పెట్టిన చిన్న మ్యూజియం ఉంది. శౌకా వాళ్ల పాత చెక్క పాత్రలు, ఉన్ని బట్టలు, వ్యాపారం నాటి వస్తువులు అందులో చూడొచ్చు. సర్మోలీ నుంచి వెళ్లి రావడానికి ఒక పూట చాలు. మీ తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పడానికి అందులో బోలెడు దొరుకుతుంది.

ఇక ఏ నెల? నన్నడిగితే దసరా. వేసవి సెలవులకీ నాకూ పేచీ ఏమీ లేదు. కానీ ఏప్రిల్ నుంచి జూన్ వరకు కుమావూ కింది కొండల్లోని పైన్ అడవుల్లో మంటలు లేస్తాయి. ఆ పొగ పైదాకా కమ్ముకుని కొన్ని రోజులు ఎదురుగా ఉన్న కొండే కనబడదు. పైగా దేశం మొత్తానికీ అప్పుడే సెలవులు. జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి, ఆ నెలల ఊసే వద్దు. వానలు వెనక్కి తగ్గాక ఆకాశం కడిగినట్టు ఉంటుంది, చేలల్లో పంట చేతికొస్తుంటుంది. తోటకూర జాతి చువా పంట కంకులు ఎర్రగా వేలాడుతుంటాయి. రాజ్మా తీగలు ఎండి, పెరికే పని నడుస్తుంటుంది. బంగాళదుంప తవ్వుతుంటారు. రాగి కంకులు కోస్తుంటారు.

దసరా ఏ తేదీన పడిందో చూసుకోవాలి. సెప్టెంబర్ ఆఖర్లోనో అక్టోబర్ మొదట్లోనో వస్తే చేలు ఇంకా నిండుగా ఉంటాయి, కానీ చివరి వాన ఒకటి తగిలే అవకాశం ఉంది. అక్టోబర్ మూడో వారానికి జరిగితే ఆకాశం మరింత బాగుంటుంది, కోతలు మాత్రం చాలావరకు అయిపోతాయి, రాత్రుళ్లు బాగా చలి. అక్టోబర్ అంటే వానల భయం పూర్తిగా పోయినట్టూ కాదు. 2021లో అక్టోబర్ 17 నుంచి 19 వరకు కురిసిన వానలకి కుమావూలో రోడ్లు కొట్టుకుపోయాయి, నైనితాల్‌కి దారి లేకుండా పోయింది. కాబట్టి తిరుగు ప్రయాణంలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాల్సిందే. ఆ రోజు అవసరం పడకపోతే దారిలోని అల్మోరా పట్టణం బజారులో తిరిగి స్వీట్లు కొనుక్కోండి, నష్టం లేదు.

అయితే దసరాకి వెళ్తే ఒక ఇబ్బంది ఉంది, దాన్ని ముందే చెప్పాలి. ఆ ఇంటి ఆడవాళ్లకి ఏడాదిలో ఊపిరి సలపని రోజులు అవే. పంట ఒక్కటే కాదు, గడ్డి కోత కూడా అప్పుడే. చలికాలం మంచు పడితే పశువులకి మేత దొరకదు కాబట్టి నాలుగైదు నెలలకి సరిపడా గడ్డి ఇప్పుడే కోసి, ఎండబెట్టి దాచాలి. ఎండిన గడ్డిని నిలువు గుంజ చుట్టూ, కొన్నిచోట్ల ఏకంగా చెట్టు కొమ్మల మీద వాము వేస్తారు. మీ ఊరి గడ్డివాములు చూసిన కళ్లకి అది చాలా తమాషాగా ఉంటుంది, ఎంతసేపైనా చూస్తారు. పొద్దున్నే పాలు పితికి, ఇంట్లోవాళ్లకీ మీకూ టీ, టిఫిన్ పెట్టి, కొడవలి, తాడు తీసుకుని వెళ్లే ఆవిడ మధ్యాహ్నానికి మోపుతో వస్తుంది. వచ్చి మళ్లీ వంట. అలాంటి ఇంట్లో ‘పదిన్నరకి ఇంకో కాఫీ’ అని అడిగే అతిథి ఎంత భారమో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ అత్తగారింట్లో కోతలప్పుడు చుట్టాలు దిగితే ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి.

అందుకే మీ ప్లానంతటికీ మూలం ఒక్కటే పెట్టుకోమంటాను: ఆ ఇంటి పనివేళల్ని ముందు తెలుసుకుని, మీ రోజును వాటికి తగ్గట్టు కుదుర్చుకోండి. ఫోన్ చేసినప్పుడు ‘మేం వచ్చే వారం మీకు పనులెలా ఉంటాయి, మేం ఎప్పుడు బయటికెళ్తే మీకు వీలు’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో అవతలివాళ్లకి మీరెలాంటి మనుషులో తెలిసిపోతుంది.

ఇక దారి. రైలు ఆగిపోయే ఆఖరి స్టేషన్ కాఠ్‌గోదామ్. అక్కణ్నుంచి మున్‌సియారీ రోడ్డు మీద దాదాపు 280 కిలోమీటర్లు. మన హైవే లెక్క వేసి ఐదు గంటలనుకోకండి. ఒక్క రోజులో వెళ్లాలంటే తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా మలుపులే. మీరు రెండు రోజులు చేయండి. గన్నవరం నుంచి ఢిల్లీకి విమానం, ఆ రాత్రి పాత ఢిల్లీలో రాణిఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాఠ్‌గోదామ్. పొద్దుటి శతాబ్ది కూడా ఉంది గానీ దాంతో మధ్యాహ్నం అయిపోతుంది. కాఠ్‌గోదామ్‌లో ట్యాక్సీ మాట్లాడుకుని మొదటిరోజు అల్మోరా దాటి చౌకోరీ దాకానో, అలసటగా ఉంటే అల్మోరాలోనో ఆగండి. దసరా రోజుల్లో అల్మోరా ఆగడం బాగుంటుంది. రావణుడొక్కడివే కాదు, అతని పరివారం మొత్తానివీ బొమ్మలు పేటపేటకీ ఒకటి చేసి ఊరేగిస్తారు. రామ్‌లీల కూడా అక్కడ పాటల్లో, రాగాలతో నడుస్తుంది. మన పద్య నాటకాలు చూసినవాళ్లకి వెంటనే పట్టుబడుతుంది.

రెండో రోజు థల్, తేజమ్ మీదుగా వెళ్తే బిర్థీ జలపాతం దగ్గర టీ తాగొచ్చు. అక్కణ్నుంచి రోడ్డు గట్టిగా ఎక్కి కాలాముని కనుమ చేరుతుంది. అక్కడ గుడి ఉంది, గంటలు వేలాడుతుంటాయి. ఆ మలుపు తిరిగాకే పంచచూలి బయటపడుతుంది. మీ ముగ్గురిలో ఎవరికైనా ఘాట్ రోడ్డు పడకపోతే అవోమిన్ లాంటి మాత్ర బండి కదలడానికి ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే లాభం లేదు. చీకటి పడ్డాక కొండ రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోవద్దు, డ్రైవరు ‘ఫర్వాలేదు’ అన్నా సరే. కాఠ్‌గోదామ్ పక్కనే ఉన్న హల్ద్వానీ నుంచి షేర్ జీపులూ పొద్దున్నే బయల్దేరతాయి, ఖర్చు చాలా తక్కువ. కానీ మోకాళ్ల నొప్పులతో వెనక సీట్లో ముడుచుకుని కూర్చోవడం మీవారి వల్ల కాదు. ఈ ఒక్కచోట డబ్బు చూసుకోకండి.

అంటే రానుపోను, తిరుగు ప్రయాణంలోని ఆ ఖాళీ రోజుతో కలిపి, ఏడు రోజులు దారికే పోతాయి. మధ్యలో మిగిలే నాలుగు రాత్రులూ ఒకే ఇంట్లో ఉండండి. ‘వచ్చాం కదా, నైనితాల్, కౌసానీ, జాగేశ్వర్ కూడా చుట్టేద్దాం’ అని ఎవరైనా ప్లాన్ గీసిస్తే దణ్ణం పెట్టి పక్కన పెట్టేయండి. సిమ్లా, మనాలి ఫిర్యాదు మళ్లీ అదే అవుతుంది. మొదటి రెండు రోజులు ఇంటివాళ్లు మిమ్మల్ని మర్యాదగా చూస్తారు. మూడో రోజుకి గానీ పొయ్యి దగ్గరికి పీట జరిపి ‘కూర్చో దీదీ’ అనరు. రెండు రాత్రులుండి వచ్చేసేవాళ్లకి ఆ పీట దక్కదు.

ఇల్లు ఎంచుకోవడం గురించి. హోమ్‌స్టే అన్న బోర్డు ఈ మధ్య ప్రతి మూడంతస్తుల హోటలుకీ ఉంటోంది. ఉత్తరాఖండ్ నియమాల ప్రకారం హోమ్‌స్టే అంటే కొద్ది గదులే ఉండాలి, యజమాని కుటుంబం అక్కడే ఉండాలి. నేనొకసారి ఇలాంటి బోర్డు నమ్మి వెళ్తే అక్కడ కుటుంబమే లేదు, మేనేజరు, ఇద్దరు కుర్రాళ్లు, రాత్రి పదకొండింటిదాకా స్పీకర్లో పాటలు. ఆ కుర్రాళ్ల తప్పేం లేదు పాపం. ముందు ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడితే తెలిసిపోయేది. ఫోన్ ఎత్తేది ఎవరు, వంట ఎవరు చేస్తారు, ఇంట్లో ఎవరెవరుంటారు, ఆవు ఉందా, ఈ నెలలో చేలో ఏముంది అని అడగండి. నిజంగా అక్కడ ఉండేవాళ్లు ఈ ప్రశ్నలకి సంతోషంగా, వివరంగా జవాబిస్తారు. ‘వ్యూ రూమ్ కావాలా, బాల్కనీ రూమ్ కావాలా, బోన్‌ఫైర్ ఎక్స్‌ట్రా’ అని మొదలెడితే అది హోటలు.

అదే ఫోన్లో మీ బాధలు కూడా మొహమాటం లేకుండా చెప్పేయండి. మోకాళ్ల సంగతి చెప్పి వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, గదికి ఆనుకుని ఉందా, వాకిట్లోకి వెళ్లాలా అని అడగండి. కొండ ఇళ్లలో గదులు పైన ఉంటే మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి, కాబట్టి కింది గది అడగండి. రోడ్డు దగ్గర బండి దిగాక ఇంటికి ఎంత నడక, ఎంత ఎక్కుడు అన్నది అన్నిటికంటే ముఖ్యం. వాళ్లకి ‘ఇదిగో ఐదు నిమిషాలు’ అంటే మనకి ఇరవై నిమిషాలు, మధ్యలో రెండుసార్లు ఆగడంతో కలిపి. రేటు మనిషికా గదికా, రెండు పూటల భోజనం కలిసిందా అని తెలుసుకోండి. బేరం మాత్రం ఆడొద్దు. సర్మోలీలో రేట్లు ఊరంతా కలిసి పెట్టుకున్నవి, మీకు తగ్గిస్తే పక్కింటావిడకి కోత. శాకాహారులమన్న మాట కూడా అప్పుడే చెప్పాలి. శౌకా ఇళ్లలో మాంసం మామూలే. ముందే తెలిస్తే ఆ ఐదు రోజులూ మీ కోసం వేరేగా చూసుకుంటారు.

తిండి గురించి మీరు అసలు బెంగ పెట్టుకోకండి. కుమావూ ఇళ్లలో మధ్యాహ్నం అన్నం, పప్పు. రాత్రి రొట్టె, కూర. ఉత్తరాది వెళ్తే అన్నం దొరకదన్న మన భయం ఇక్కడ పనిచేయదు. వాళ్ల గహత్ పప్పు అంటే మన ఉలవలే. ఉలవచారు జిల్లావాళ్లు కదా, ఆ వాసనకే సగం పరాయితనం పోతుంది. చలికి ఒంట్లో వేడి పుట్టిస్తుందని, కిడ్నీలో రాళ్లకి మంచిదని మనవాళ్లు అనే మాటలే వాళ్లూ అంటారు. మడువా రొట్టె అంటే రాగి రొట్టె, నెయ్యి వేసి బెల్లంతో ఇస్తారు. ఝంగోరా అంటే ఊదలు. భట్ అనే నల్ల సోయా గింజలతో చేసే చుడ్కానీ చిక్కగా, కాస్త మట్టివాసనతో ఉంటుంది, అన్నంలో బాగా కలుస్తుంది. మున్‌సియారీ రాజ్మాకి జీఐ, అంటే ఫలానా ప్రాంతానిదే అన్న భౌగోళిక గుర్తింపు ఉంది. మనం కిరాణాలో కొనే ఎర్ర రాజ్మా రుచితో దాన్ని పోల్చొద్దు. పప్పు తాలింపులో జంబూ అనే ఎండుటాకు వేస్తారు. పైకొండల్లో పెరిగే ఉల్లి జాతి మొక్క అది, నేతిలో పడగానే ఇంగువకీ వెల్లుల్లికీ మధ్య ఒక వాసన లేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి తినని నియమం మీకుంటే ఇదీ ముందే చెప్పాలి మరి. భాంగ్ గింజల చట్నీ పెడితే కంగారు పడకండి, గింజల్లో మత్తు ఉండదు.

ఆవకాయ పట్టుకెళ్లాలా అని మీరడగలేదు, కానీ పట్టుకెళ్తారని నాకు తెలుసు. తీసుకెళ్లండి. కాకపోతే మొదటి ముద్ద వాళ్లు వండినదాంతోనే తినండి. కంచం పెట్టగానే సీసా మూత తీస్తే వండినావిడ మొహం చిన్నబోతుంది. రెండో రోజు ఇంట్లోవాళ్లకీ కాస్త రుచి చూపించి, తర్వాత సీసా మధ్యలో పెట్టేయండి, అందరిదీ అవుతుంది. కానుకగా ఆత్రేయపురం పూతరేకులు, జీడిపప్పు, మంచి పసుపు బాగుంటాయి. ఊళ్లో పిల్లలకి పంచడానికి చాక్లెట్లు, పెన్నులు సంచీ నిండా తీసుకెళ్లొద్దు. వచ్చినవాళ్లందరి ముందూ చెయ్యి చాపడం పిల్లలకి అలా అలవాటవుతుంది. టీచర్‌గా ఇది మీకే ఎక్కువ అర్థమవుతుంది.

పొలం పనిలో చెయ్యి వెయ్యడం. వెయ్యొచ్చు, కానీ పని మీరు ఎంచుకోకండి, వాళ్లని చెప్పనివ్వండి. గడ్డి కోతకి మాత్రం ‘నేనూ వస్తా’ అని అమ్మాయి కొడవలి పట్టుకుని బయల్దేరితే ఆపండి. నిటారు వాలు మీద, మంచుకి తడిసిన గడ్డి మీద నిలబడి కొయ్యడం పుట్టినప్పటినుంచీ చేసేవాళ్లకే చెల్లుతుంది. జారితే పట్టుకునేది ఏమీ ఉండదు. మీకు సరిపోయే పని రాజ్మా. తీగలు పెరికి తెచ్చి రాతిపలకలు పరిచిన వాకిట్లో ఎండబెడతారు. కాయలు గలగలలాడేదాకా ఎండాక కర్రతో కొడతారు, పగలని కాయల్ని చేత్తో ఒలుస్తారు, చేటలో పోసి చెరుగుతారు. గింజలు తెల్లవి వేరుగా, చారలవి వేరుగా చేసేటప్పుడు కూర్చున్నవాళ్లందరి చేతులూ పనికొస్తాయి. చేట చెరగడం మీకు వచ్చే ఉంటుంది. ఒకసారి చెరిగి చూపించండి, ఆ తర్వాత భాష గురించి ఆలోచించే అవసరం మీకు పెద్దగా రాదు. సోషల్ టీచర్ హిందీ ఎంతైనా కొంత వచ్చే ఉంటుంది, మిగిలింది అమ్మాయి చూసుకుంటుంది. ఇంటావిడని ‘దీదీ’ అనండి, ముసలావిడ ఉంటే ‘ఆమా’ అనండి, తాతని ‘బూబూ’ అంటారు.

ఒక ఇంట్లో ఉన్నప్పుడు పాటించేవి మనకి కొత్తవేం కావు. చెప్పులతో వంటింట్లోకి వెళ్లకండి, పిలిస్తేనే లోపలికి. వేణ్నీళ్లు చాలా ఇళ్లలో కట్టెల మీద కాచి బకెట్లో ఇస్తారు, మనిషికి ఒకటి. ఆ కట్టె అడవి నుంచి ఒకరి వీపు మీద వచ్చిందని తలుచుకుంటే రెండోది అడగబుద్ధి కాదు. స్నానం మధ్యాహ్నం ఎండలో పెట్టుకుంటే చలీ తెలియదు. ప్లాస్టిక్ కవర్లు, టాబ్లెట్ల స్ట్రిప్పులు, బిస్కెట్ రేపర్లు ఒక సంచీలో వేసుకుని కిందికి తెచ్చేయండి, అక్కడ పారేస్తే కొండ వాలే డంపింగ్ యార్డ్. మోపు ఎత్తుకుని ఎదురొచ్చే ఆడవాళ్లని అడక్కుండా ఫోటో తీయొద్దు. బరువు మోస్తున్న మనిషికి ‘వద్దు’ అనడానికి కూడా ఆగే వీలుండదు.

తీరిక వేళ మేసర్ కుండ్ దాకా నడవండి, ఊరి పైన అడవిలో చిన్న కొలను, మీవారు కూడా నెమ్మదిగా వెళ్లగలరు. 3,500 మీటర్ల ఖలియా టాప్‌కి అమ్మాయి మాత్రం స్థానిక గైడ్‌తో వెళ్లొస్తే మంచిది. మీరిద్దరూ ఆ రోజు దగ్గర్లోని దర్‌కోట్ ఊరికి వెళ్లి పాత చెక్క చెక్కడాల ఇళ్లు, ఉన్ని నేత చూడండి. శాలువా కొనాలనిపిస్తే నేసినవాళ్ల దగ్గరే కొనండి. పొద్దు వాలాక అడవి దారిలో ఒంటరిగా వద్దు. పంటల రోజుల్లో ఎలుగుబంట్లు చేల దాకా వస్తాయి. ఇంటివాళ్లు ‘ఇటు వద్దు’ అంటే కారణం అడగకుండా వినండి.

సామాను సంగతి రెండు ముక్కలే. అక్టోబర్‌లో పగలు ఎండ హాయిగా ఉంటుంది, రాత్రి ఊలు టోపీ లేకుండా పడుకోలేరు. లోపలి థర్మల్స్, మందపాటి సాక్సులు, గ్రిప్ ఉన్న బూట్లు, టార్చ్ ఉండాలి. మీవారి బీపీ మందులు రెండు సంచుల్లో విడివిడిగా, ఐదు రోజులు అదనంగా పెట్టండి. మున్‌సియారీలో ప్రభుత్వాసుపత్రి ఉన్నా, పెద్ద వైద్యం కావాలంటే పిథోరాగఢ్ దాకా దిగాలి. అది సగం రోజు దారి. కాఠ్‌గోదామ్ దాటేముందే నగదు తీసి పెట్టుకోండి. నెట్‌వర్క్ లేకపోతే ఫోన్‌పే పనిచేయదు, కొండ మీద ఏటీఎంలో డబ్బుందో లేదో చెప్పలేం. ఆధార్ కార్డులు ముగ్గురివీ ఉంచుకోండి. మున్‌సియారీకి, సర్మోలీకి వేరే పర్మిట్ ఏమీ అక్కర్లేదు.

స్కూల్ అకడమిక్ క్యాలెండర్ రాగానే దసరా తేదీలు తెలుస్తాయి కదా. అదే వారం సర్మోలీకి ఫోన్ చేసి ఇల్లు ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే విమానం టికెట్లు. రాణిఖేత్ ఎక్స్‌ప్రెస్ బుకింగ్ ప్రయాణానికి రెండు నెలల ముందు మొదలవుతుంది. పండగ రోజుల్లో త్వరగా నిండిపోతుంది కాబట్టి మొదటి రోజే చేసేయండి, మీవారికి లోయర్ బెర్త్ అడగడం మర్చిపోకండి.